చెయ్యి ఆగిన రాయి

మా వీధిలో దాలయ్య గొంతు ఏడాదికి రెండుసార్లు వినపడేది. ఒకసారి కోతలయ్యాక, ఒకసారి వానలకి ముందు. "రోళ్ళకి కక్కు కొడతాం! తిరగళ్ళకి కక్కు కొడతాం!" అని కేకేసుకుంటూ వచ్చి శ్రీకాకుళంలో మా ఇంటి ముందు ఆగేవాడు. రుబ్బీ రుబ్బీ నున్నబడిపోయిన రోలుకి ఉలితో మళ్ళీ సన్నటి గాట్లు పెడితేగానీ పప్పు నలగదు. ఆ గాట్లనే కక్కు అంటారు. ఇంకెవరు కొట్టినా వారం రోజులు గారెల్లో రాతినలుసు పంటికింద పడేది. దాలయ్య కొట్టిన రోట్లో మూడో వాయికి నలుసుండేది కాదు. ఈ ఒక్క కారణంచేత మా అమ్మ అతన్ని తప్ప వేరే మనిషిని రోలు ముట్టనిచ్చేది కాదు.

అతనికొక వింత అలవాటుండేది. గేటు బార్లా తీసి ఉన్నా సరే, బయటే నిలబడి "ఆపండమ్మా, వస్తన్నాను" అనేవాడు. లోపల్నించి ఎవరో ఒకరు పలికేదాకా అడుగు వేసేవాడు కాదు. "ఏం ఆపాలిరా నాయనా, ఇక్కడేం నడుస్తోందని?" అని అమ్మ నవ్వేది. నేను మాత్రం అది అతివినయం అనుకునేదాన్ని. అతివినయమంటే నాకు చిన్నప్పట్నించీ ఒళ్ళుమంట. ఆ మాటకీ వినయానికీ సంబంధం లేదని తెలుసుకోడానికి నేను సముద్రం దాటి వెళ్ళాల్సొచ్చింది.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పేరు కమలాదేవి. ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర చెబుతాను. నోరు దురుసని ఊళ్ళో అంటారు, అబద్ధమేమీ కాదు. మా పాఠ్యపుస్తకంలో కాంబోడియా దేశపు అంగ్‌కోర్ గుడి బొమ్మ అగ్గిపెట్టంత ఉండేది. పద్దెనిమిదేళ్ళు ఆ అగ్గిపెట్టెనే పిల్లలకి చూపించి, మనవాళ్ళ శిల్పం అంతదూరం వెళ్ళిందని పాఠం చెప్పాను. 1967 చివర్లో మద్రాసు టూర్ల కంపెనీ ఒకటి పేపర్లో ప్రకటన వేసింది. తూర్పుదేశాల యాత్రట. పాత గుళ్ళు, చరిత్ర, చివర్లో సముద్రపు ఒడ్డున విశ్రాంతి, అన్నీ గైడుతో సహా నెలరోజులు. మా హెడ్‌మిస్ట్రెస్ మొహం మాడ్చుకున్నా సరే, సెలవు పెట్టేశాను.

జనవరిలో మద్రాసు మెయిలు కోసం ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్తే, అక్కడ దాలయ్య కనిపించాడు. కొత్త చొక్కా, కొత్త పంచె, కాళ్ళకి ఇంకా అలవాటుపడని చెప్పులు. భుజాన మాత్రం అదే పాత గోనెసంచి. పక్కన పాతపట్నం షావుకారు సీతారామారావు గారు. చింతపండు, జీడిపిక్కల వ్యాపారం ఆయనది. ఆయనా, ఆయన తమ్ముడూ ఇదే యాత్రకి పేరిచ్చారు. తమ్ముడు గోడౌన్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే, ఆ చోటు దాలయ్యకి ఇప్పించారు. అంత తక్కువ రోజుల్లో పాస్‌పోర్టు ఎలా తెప్పించారో నాకు తెలీదు. ఆయన పట్టుబట్టితే కాని పని ఉండదని మాత్రం తెలుసు.

"రోళ్ళు కొట్టే మనిషిని అంత దూరం దేనికండీ?" అని అడిగేశాను.

"మా నంది కోసమమ్మా" అన్నారాయన.

ఆ నంది సంగతి మా వైపు అందరికీ కొద్దో గొప్పో తెలుసు. పాతపట్నం దగ్గర మహేంద్రతనయ ఏటి ఒడ్డున సీతారామారావు గారి తండ్రి ఒక శివాలయం తలపెట్టారు. గుడి లేచింది, లింగం వచ్చింది. నందిని చెక్కే పని దాలయ్య తండ్రి సోములుకి అప్పగించారు. సోములు రెండేళ్ళు ఒకే నల్లరాతి ముందు కూర్చున్నాడు. మెడలో గంటలు, మూపురం మీంచి జారే పట్టెడ, ముడిచిన ముందుకాలు, అన్నీ అయ్యాయి. కళ్ళు మిగిలాయి. విగ్రహానికి కళ్ళు ఆఖర్న పెడతారు. చెక్కేవాడు ఉపవాసముండి, తలస్నానం చేసి, చుట్టూ తెర కట్టుకుని ఒంటరిగా చేసే పని అది. తెర తీశాక ఆ కళ్ళ మొదటి చూపు దూడతో ఉన్న ఆవు మీద పడాలి. 1945లో దానికి రోజు కూడా పెట్టారు. ఇంక నాలుగు రోజులుందనగా సోములు జ్వరమొచ్చి పోయాడు.

అప్పటికి దాలయ్యకి ఇరవై రెండేళ్ళు. తండ్రి పక్కన కూర్చుని పని నేర్చినవాడే. నువ్వు పెట్టరా కళ్ళు అంటే, పెట్టనన్నాడు. ఒకరి చెయ్యి ఆగిన రాయిని ఇంకొకరు ముట్టకూడదని వాళ్ళింటి ఆచారమట. ఎంతమంది చెప్పినా వినలేదు. వేరేవాళ్ళు పెడతామంటే కాళ్ళావేళ్ళా పడి ఆపాడు. చివరికి నంది మొహానికి గుడ్డ కట్టేశారు, ప్రతిష్ఠ ఆగిపోయింది. దాలయ్య ఆ రోజు నుంచీ బొమ్మల జోలికి పోలేదు. రోళ్ళు, పొత్రాలు, తిరగళ్ళు. ఇరవై రెండేళ్ళుగా అంతే.

"నేను పోయేలోగా గుడి తలుపు తెరవాలమ్మా" అన్నారు సీతారామారావు గారు. "అరవదేశం నుంచి కొత్త నందికి మాటిచ్చేసినాను. ఈ శివరాత్రికి వీడు కళ్ళు పెట్టకపోతే పాతదాన్ని ఏట్లో కలిపీడమే. ఆ దేశంలో రాళ్ళు సూస్తే వీడి చెయ్యి దురద పెడతాదేమోనని తీసుకెళ్తన్నాను. ఇదే ఆఖరి ప్రయత్నం."

దాలయ్య ఈ మాటలు వినపడనట్టు రైలు పట్టాల కింద పరిచిన కంకరని చూస్తున్నాడు.

రైలెక్కేముందు, సాగనంపడానికొచ్చిన అతని భార్య దేముడమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఒక చిన్న మూటలో చోడిపిండి, అంటే రాగిపిండి, ఇంకో మూటలో అటుకులూ బెల్లం నా చేతికిచ్చింది. "ఆడు ఓడలో కూడు తినడు, మీరు సూసి పెట్టండి పంతులమ్మగారూ" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆచారం గీచారం ఏటీ నేదమ్మా. బయ్యం. ఆళ్ళయ్య సెయ్యి లాటి సెయ్యి తనకి నేదని బయ్యం. మా పెళ్ళినాడు నుంచీ సూస్తన్నాను, కలలో కూడా ఆ నందినే పలవరిస్తాడు. ఏట్లో పారీసినారంటే ఈడు బతకడు. మీరు సదువుకున్నోరు, దారిలో ఓ మంచిమాట సెప్పండి."

మంచిమాటలు చెప్పడంలో నాకు గట్టి పేరే ఉంది కాబట్టి ఒప్పుకున్నాను.

ఓడ మీద వారం రోజులూ చెప్పాను. తండ్రి పని కొడుకు పూర్తి చెయ్యడం ధర్మమన్నాను. ఫలానా రాజు తండ్రి మొదలుపెట్టిన గుడిని పూర్తి చేశాడన్నాను. దాలయ్య చోడి అంబలి తాగుతూ, "అలగేనమ్మా, అలగే" అన్నాడు. ఒక్క ముక్క లోపలికి పోలేదని నాకు తెలుస్తూనే ఉంది. క్లాసులో ఆఖరి బెంచీ పిల్లలు కూడా ఇలాగే తలూపుతారు. పెనాంగు దాటి, సింగపూరులో దిగి, అక్కణ్ణించి విమానంలో నాంపెన్ అనే కాంబోడియా రాజధానికి చేరాం. విమానం లేచేటప్పుడు దాలయ్య కళ్ళు మూసుకుని గోనెసంచిని వాటేసుకున్నాడు. కళ్ళు తెరిచాక మాత్రం కిటికీ వదల్లేదు. మబ్బుల మీద ఎండ పడుతుంటే, "ఇదేటమ్మా, దేవుడు పిండి ఇసిరి ఇలగ పోసీసినాడా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, నేనూ నోరు తెరుచుకునే చూస్తున్నాను.

మా గైడు పేరు జగన్నాధం. మద్రాసు కంపెనీ మనిషి. మెళ్ళో విజిలు, చేతిలో పచ్చజెండా. పద్దెనిమిది మందిమి ఆయన విజిలుకి లేవాలి, విజిలుకి తినాలి. ఎక్కడికెళ్ళినా ఫొటోలకి పది నిమిషాలు, చరిత్రకి పది నిమిషాలు. ఆయనంటే నాకు మొదటి రోజే మంట పుట్టింది.

అంగ్‌కోర్ చేరింది ఒక పొద్దున్న. బస్సు దిగి, చెట్ల మధ్య నుంచి నాలుగడుగులు వేశానో లేదో నా కాళ్ళు ఆగిపోయాయి. ముందు ఒక కందకం, మా నాగావళికి తీసిపోనంత నీళ్ళు. ఆ నీళ్ళ మీద రాతిబాట. ఆ బాట అలా పోయి పోయి, ఎక్కడో ఆకాశం మొదలయ్యేచోట ఐదు శిఖరాలై లేచింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట కట్టిన గుడి. విష్ణువు గుడి. అంతెత్తు లేచిన ఆ రాళ్ళన్నీ మనుషులు చేతుల్తో ఎత్తినవి. నేను పద్దెనిమిదేళ్ళు పిల్లలకి అగ్గిపెట్టె చూపించి ఎంత మోసం చేశానో అప్పుడర్థమైంది. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. చరిత్రకిచ్చిన పది నిమిషాలూ అలా నిలబడే అయిపోయాయి.

వెనక్కి తిరిగి చూస్తే దాలయ్య రాతిబాట మీద చతికిలబడి ఉన్నాడు. సంచిలోంచి సుత్తి తీసి, బాట అంచున పడగలెత్తిన రాతిపామును టకటకమని కొడుతున్నాడు. చెవి ఆనించి వింటున్నాడు. కాపలావాడు అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. జగన్నాధం విజిలు ఊదుకుంటూ వచ్చాడు. "ఏంటయ్యా ఇది? మనల్ని జైల్లో పెట్టిస్తావా?" అని సుత్తి లాక్కున్నాడు. నేనూ నాలుగు చివాట్లు పెట్టాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"కొట్టనేదమ్మా, పలకరించినాను" అన్నాడు దాలయ్య. "పలికితే గదా అది ఏ రాయో తెలిసేది. మెత్తని రాయి. మా నల్లరాయి అయితే గంటలాగ మోగుతాది. ఈ రాయి మాటాడదు, ఇంటాదంతే." చెప్పి, ఆ శిఖరాల వైపు చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "ఎంతమందమ్మా? ఎంతమంది సేతులమ్మా ఇవి?" అని అడిగాడు. రాజు పేరు తెలుసు, సంవత్సరం తెలుసు. చేతుల లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ సాయంత్రం తా కేవ్ అనే ఇంకో గుడికి తీసుకెళ్ళారు. అది అంగ్‌కోర్ కంటే పాతది, శివుడిది. కొండలా నిటారుగా లేచింది గానీ, దాని మీద ఒక్క చెక్కడం లేదు. పెద్ద పెద్ద రాళ్ళు మొరటుగా, పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. మధ్యలో ఆగిపోయిన పని అని చూడగానే తెలిసిపోతోంది. అందరం మెట్ల వైపు నడిచాం. దాలయ్య మాత్రం కింద ద్వారం బయటే ఆగిపోయాడు. ఆగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని గట్టిగా కేకేశాడు.

"ఆపండి బావా! వస్తన్నాను!"

ఆ కేక రాళ్ళ మధ్య తిరిగి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. మెట్ల మీద ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగారు. ఒక్క క్షణం తర్వాత అందరూ పడీపడీ నవ్వారు. జగన్నాధం విజిలు జారిపడేలా నవ్వాడు. సీతారామారావు గారు తలకొట్టుకున్నారు. దాలయ్య నవ్వలేదు. చెవి రిక్కించి నిలబడే ఉన్నాడు.

నేను కిందికి దిగొచ్చాను. "ఎవర్ని ఆపమంటున్నావు? ఇక్కడెవరున్నారు?" అన్నాను, కొంచెం కసురుగానే.

"పనోలమ్మా. పని అవ్వనేదు గదా" అన్నాడు. అని తన ఎడమ కనుబొమ్మ మీది పాత గాటు చూపించాడు. చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళప్పుడు, తండ్రి రాయి కొడుతుంటే చెప్పకుండా వెనకనించి పరిగెత్తుకెళ్ళాడట. ఎగిరిన రాతిపెచ్చు వచ్చి కనుబొమ్మ చీల్చింది. వెంట్రుకవాసిలో కన్ను దక్కింది. సోములు సుత్తి పారేసి, కొడుకుని ఒళ్ళో వేసుకుని తల బాదుకున్నాడట. "పని జరిగే కాడికి సెప్పి రావాలిరా. బయట నిలబడి ఆపమనాల. సుత్తి ఆగినాకే లోపలికి రావాల. ఎన్నటికీ మరిసిపోకు అన్నాడమ్మా మా అయ్య." ఆ మాట కోసమే మా గేటు దగ్గర కూడా ఆగేవాడు. ఇంట్లో మేం ఏ పనిలో ఉన్నామో అతనికేం తెలుసు?

ఇన్నేళ్ళూ అతివినయం అనుకున్న నా తెలివికి ఏం చెప్పను? నోరు మూసుకుని అతని పక్కనే నిలబడ్డాను. దాదాపు వెయ్యేళ్ళ కింద వెళ్ళిపోయిన పనివాళ్ళు సుత్తులు ఆపేదాకా ఇద్దరం ఆగాం. అప్పుడు అతను దణ్ణం పెట్టి లోపలికి నడిచాడు.

లోపల ఆ ఊరి గైడు కూడా ఉన్నాడు. తెల్లజుట్టు ముసలాయన, ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడేవాడు. ఈ గుడి ఎందుకు ఆగిపోయిందని అడిగితే, కడుతుండగా పిడుగు పడిందనీ, అపశకునమని వదిలేశారనీ చెప్పాడు. దాన్ని నేను తెలుగులో దాలయ్యకి చెప్పాను. చెప్పకపోయుంటే బాగుండేది. అతని మొహం విప్పారింది.

"సూసినారా షావుకారు బాబూ? ఇంత రాజులు కూడా ఒదిలీసినారు. సెయ్యి ఆగిన రాయిని ముట్టనేదు. మా ఆచారమే ఈలకీ ఉన్నాది."

సీతారామారావు గారి మొహం మాడిపోయింది. "నిన్ను తీసుకొచ్చి నేనే నా చేత్తో నా నెత్తిన మన్ను పోసుకున్నాను. తిరిగెళ్ళగానే కొత్త నందిని పంపమని అరవదేశానికి టెలిగ్రాం ఇచ్చేస్తాను" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. దాలయ్య తలదించుకున్నాడు. ఆచారం గెలిచిందన్న సంతోషం ఆ మొహంలో ఎంతోసేపు నిలవలేదు. నాకు దేముడమ్మ మాట గుర్తొచ్చింది. ఈడు బతకడు అంది. ఓడలో వారం రోజుల ఉపన్యాసాలు వృథా, ఇప్పుడీ పిడుగొకటి.

మర్నాడు మళ్ళీ అంగ్‌కోర్‌కే వెళ్ళాం, గోడల మీద చెక్కిన కథలు చూడ్డానికి. గుడి చుట్టూ పొడుగాటి వసారాలు. వాటి గోడల నిండా కథలే. తూర్పు గోడ మీద క్షీరసాగర మథనం. దేవతలొక పక్క, రాక్షసులొక పక్క, వాసుకిని పట్టుకుని లాగుతున్నారు. నలభై, యాభై అడుగులు కాదు, ఆ కొసనుంచి ఈ కొస కనపడనంత పొడుగు. నీళ్ళలో చేపలు, మొసళ్ళు, వాటి పొలుసులు కూడా వదల్లేదు. దాలయ్య అరచెయ్యి గోడకి బెత్తెడు దూరంలో పెట్టుకుని, ముట్టకుండా, ఆ మొన నుంచి ఈ మొనదాకా నడిచాడు. రెండుసార్లు నడిచాడు.

"సెయ్యి ఎత్తనేదమ్మా. ఒకే ఊపిరి. మా అయ్య ఇక్కడుంటే ఈ గోడని కావిలించుకుని ఏడిసీవోడు" అన్నాడు. అలా అంటూ అతనే ఏడ్చాడు.

అక్కణ్ణించి ముందుకెళ్ళి ఈశాన్యం మూల తిరిగాం. అక్కడ గోడ మీద కృష్ణుడు బాణాసురుడి మీదికి యుద్ధానికెళ్ళే కథ. గరుత్మంతుడు, మంటలు, వెయ్యి చేతుల బాణుడు. ముసలి గైడు కథ మొదలుపెట్టాడు. నేను తలూపుతూ వింటున్నాను. దాలయ్య నా చెంగు పట్టుకు లాగినంత పని చేశాడు.

"పంతులమ్మగారూ, ఈ సెయ్యి యేరు."

"ఏ చెయ్యి?"

"ఇది కొట్టిన సెయ్యి. ఆ మూల దాటీసరికి సెయ్యి మారిపోనాది. ఇది ఆలది కాదు."

నా కళ్ళకి రెండూ ఒకేలా ఉన్నాయి. ఊరుకోవయ్యా అనబోయి, నిన్నటి కేక గుర్తొచ్చి, ముసలాయనతో ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కథ ఆపేశాడు. దాలయ్యని తల నుంచి కాళ్ళదాకా చూశాడు. చదువుకున్న పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి చూసి తేల్చిన విషయం అదన్నాడు. గుడి కట్టినవాళ్ళు ఈ గోడని ఖాళీగా వదిలేశారు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఇంకో రాజు కాలంలో వేరే పనివాళ్ళు వచ్చి దీన్ని చెక్కారు.

నేను చెబుతుంటే దాలయ్య నోరు కాస్త తెరుచుకుంది. "నాలుగొందల యేళ్ళా?" అన్నాడు. "సెయ్యి ఆగిపోయి నాలుగొందల యేళ్ళయినాకా? పిడుగూ గిడుగూ పడనేదా?"

"పడలేదు. నిలబడే ఉంది కదా."

అతను గోడకి ఎదురుగా కింద కూర్చున్నాడు. ఒక గుర్రం కాలు చూపించాడు. "సూడండి, కొయ్యకాలు లాగున్నాది. ఆ మనుసుల మొకాలు సూడండి, అన్నీ ఒకే అచ్చు. పని అంతగా రానోడమ్మా ఈడు. ఈడికి రాదని ఈడికీ తెలుసు. ఆ మూలకవతల ఆ గోడుంది గదా. రోజూ దాని ముందునుంచే గదా ఈ పనికొచ్చీవోడు. ఆ చేపలూ, ఆ మొసళ్ళూ సూసుకుంటా ఒచ్చీవోడు." ఆ మూలవైపోసారి, గుర్రం కాలివైపోసారి చూశాడు. "అయినా కొట్టినాడు" అన్నాడు.

అప్పుడే ఆ వూరి ముసలమ్మ ఒకావిడ, మనవరాలి భుజం పట్టుకుని వసారాలో నడుచుకుంటూ వచ్చింది. సముద్రాన్ని చిలికే గోడ ముందు వంగి దణ్ణం పెట్టింది. మూల తిరిగి వచ్చి ఈ గోడ ముందూ అలాగే వంగి దణ్ణం పెట్టింది. అంతే సేపు, అంతే భక్తిగా. దాలయ్య ఆవిడనే చూస్తున్నాడు. ఆవిడ వెళ్ళిపోయాక నా వైపు తిరిగాడు.

"ఆచారం కాదు పంతులమ్మగారూ. బయ్యం. మా అయ్య సెక్కిన ఒంటికి నా కళ్ళు పెడితే, సూసినోలందరూ ఇక్కడ సోములు ఆగిపోనాడు, ఇక్కడ దాలయ్య మొదలెట్టినాడు అంటారని బయ్యం. ఇరవై రెండేళ్ళు ఆ నందికి సూపు నేకుండా సేసీసినాను."

నేనూ చీర సర్దుకుని అతని పక్కనే కింద కూర్చున్నాను. జగన్నాధం విజిలు ఊదాడు. ఇద్దరం లేవలేదు. రెండోసారి ఊదితే, "ఆ విజిలు మింగించేస్తాను" అని అక్కణ్ణించే అరిచాను.

యాత్రలో చివరి మజిలీ కెప్ అనే సముద్రపు ఊరు. మూడు రోజుల విశ్రాంతి. తెల్లటి ఇసుక, చెరువులా నెమ్మదిగా ఉండే సముద్రం. మా కళింగపట్నం అలల్ని చూసినవాళ్ళకి అది సముద్రమంటే నమ్మకం కుదరదు. అందరూ కొబ్బరినీళ్ళు తాగుతూ, పీతలు తినేవాళ్ళు పీతలు తింటూ గడిపారు. దాలయ్య పొద్దున్నే వెళ్ళి తడిఇసుక మీద గొంతుక్కూర్చునేవాడు. ఒక పుల్ల తీసుకుని కళ్ళు గీసేవాడు. పెద్ద కన్ను, వాలిన కన్ను, నిద్రమత్తు కన్ను, శివుడి వైపు చూసే కన్ను. అల వచ్చి తుడిచేసేది. మళ్ళీ గీసేవాడు. రెండో రోజుకి ఒడ్డు పొడుగునా కళ్ళే.

సీతారామారావు గారు చూసి చూసి దగ్గరికెళ్ళారు. "ఏట్రా ఇది?"

"కళ్ళు బాబూ."

ఆయన వంగి ఒక కన్నుని దగ్గరగా చూశారు. "ఒరే, ఇక్కడయితే అల తుడిచెస్తాది. రాతి మీద ఒకసారి దెబ్బ తప్పితే మరింక లేదు. మీ నాన్న రెండేళ్ళ పని. పాడైపోతే?"

"పాడైపోతే నా సేత్తోనే పాడైపోద్ది బాబూ. ఏట్లో పారీడం కన్నా మేలు గదా" అన్నాడు దాలయ్య, ఇసుక మీంచి తల ఎత్తకుండా. "మా అయ్య కన్ను నాకు రాదు. యాభైసార్లు గీసి సూసినాను, రానేదు. నాకొచ్చిన కన్నే పెడతాను. ఒప్పుకుంటారా?"

అంత పెద్ద షావుకారూ ఇసుకలో కూలబడి, "నాకూ ఒకటి గీసి సూపించరా" అన్నారు.

శివరాత్రికి మూడు రోజుల ముందు నేను బస్సెక్కి పాతపట్నం వెళ్ళాను. మహేంద్రతనయలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. గుడి ముందు నంది చుట్టూ కొత్త పసుపుగుడ్డతో తెర కట్టారు. ఊరంతా వచ్చింది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. దేముడమ్మ తెరకి ఎదురుగా ఆవునీ దూడనీ పట్టుకుని నిలబడింది. ఆమె పలుపు వదలకుండా తెరనే చూస్తోంది. అంత పెద్ద అంగ్‌కోర్ చూసినప్పుడు కూడా నాకింత భయం వెయ్యలేదు. అక్కడి రాళ్ళకి ఏమీ కాదని తెలుసు. ఇక్కడ ఒక్క దెబ్బ పక్కకి పోతే ఒక మనిషి ఇరవై రెండేళ్ళూ పోతాయి.

దాలయ్య ఏట్లో మునిగి, తడిబట్టలతో వచ్చాడు. చేతిలో తండ్రి వాడిన సన్నటి ఉలి. పూజారి తెర పక్కకి తొలగించి రమ్మన్నాడు. దాలయ్య వెళ్ళలేదు. మా గేటు ముందు నిలబడినట్టే, తెర బయట రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. భయపడ్డాడు, వెనక్కి తిరిగేస్తాడు అనుకున్నాను. జనంలో కలకలం మొదలైంది.

అతను గొంతు సవరించుకున్నాడు.

"ఆపు అయ్యా" అన్నాడు. "నాను దాలయ్యని. వస్తన్నాను."

చెప్పి, తలవంచుకుని చెవి రిక్కించి నిలబడ్డాడు. తా కేవ్‌లో నవ్వినట్టు ఇక్కడ ఎవరూ నవ్వలేదు. ఏటి నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎంతసేపు ఆగాడో నాకు తెలీదు. తర్వాత తల ఊపి, తెర ఎత్తి లోపలికి వెళ్ళాడు. లోపల్నించి ఉలి చప్పుడు మొదలైంది. మెత్తటి రాయి కాదది, నల్లరాయి. గంటలా మోగింది.

మధ్యాహ్నం దాటాక చప్పుడు ఆగింది. తెర తీశారు. నంది మొదటి చూపు దూడ మీద పడింది. దూడ ఒకడుగు ముందుకేసి ఆ రాతిమొహాన్ని వాసన చూసింది. ఒళ్ళంతా సోములు చెక్కినదే, మెడలో ప్రతి గంటా అందమే. కళ్ళు మాత్రం సోములువి కావు. కొంచెం మొరటువి, కొంచెం పెద్దవి, ఇప్పుడే నిద్రలేచి ఇంట్లో ఎవరున్నారని చూసే కళ్ళు. తేడా నాక్కూడా తెలిసిపోయింది. ఊరంతా చేతులెత్తి దణ్ణం పెట్టింది. సీతారామారావు గారు నేలమీద సాష్టాంగపడి లేవలేదు.

దాలయ్య బయటికొచ్చాడు. కనుబొమ్మ మీది గాటు నిండా రాతిపొడి. దేముడమ్మ పలుపు వదిలేసి అతని దగ్గరికి పరిగెత్తింది.

"ఏటయినాది మావా?"

"అయ్య ఆపినాడే" అన్నాడు దాలయ్య. "సుత్తి ఆపి, పక్కకి జరిగి, నాకు సోటిచ్చినాడు."